దీర్ఘం లేని కారం

"అన్నా, వెబ్‌సైటుకు పేరు తీసి పెడ్తరా?"

మరిపెడ బస్టాండు ఎదుట సురేందర్ నడిపే ఇంటర్నెట్ షాపులో అడుగుపెట్టి రూతు అన్న మొదటి మాట అది. అన్నా అన్నాక ఇంకేం ప్రేమకథ అనుకోకండి. మా వైపు ఆటో నడిపేవాడూ అన్నే, బస్సు కండక్టరూ అన్నే. సురేందర్‌కి మాత్రం ఎందుకో ఆ మాట కాస్త చేదుగా తగిలింది.

ఆమె చాపిన చీటీ మీద పెద్ద పెద్ద ఇంగ్లిషు అక్షరాలున్నాయి. అతను పైకి చదివాడు.

"అందాలు కరం డాట్ ఇన్. బ్యూటీపార్లరా మేడం?"

"కరం కాదు, కారం. అందాలు కాదు, అండాలు."

"అండాలా? కోడిగుడ్లల్ల ఏసుకునే కారమా?"

జిరాక్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఫక్కున నవ్వారు. రూతు చీటీ లాక్కుంది.

"అది మా అవ్వ పేరు, నన్ను కన్నతల్లి. ముప్పై ఏండ్ల సంది గీ అంగట్ల కారప్పొడి అమ్ముతుంది. నవ్వుడైతే చెప్పు, ఇంకో షాపుకు పోత."

సురేందర్ నాలుక కరుచుకున్నాడు.

"తప్పైంది మేడం. గీ ఇంగ్లిషు అక్షరాలకు దీర్ఘాలు తెల్వయి, అండకూ అందానికీ తేడా తెల్వదు. నేను చదివినట్టే కొనేటోళ్లు గూడ చదువుతరు. నిమ్మళంగ వేరే పేరు చూద్దాం. తొందరేం లేదు గద?"

"ఉన్నది." రూతు గొంతు తగ్గింది. "వచ్చే సోమవారం హైదరాబాద్‌ల అవ్వకు ఆపరేషన్. క్యాన్సరు. గొంతుల ఉండే మాట పెట్టె తీసేస్తరట. ఇగ మాట రాదు. సైటు తెరవంగనే ఆ పేరు అవ్వ గొంతుతోనే వినబడాలె, అంగట్ల కేకేసినట్టు. అది రికార్డు చెయ్యాల్నంటే ముందుగాల పేరు తేలాలె గద."

నవ్విన ఇద్దరూ నేల చూపులు చూశారు. సురేందర్ గోడమీది క్యాలెండరు చూశాడు. ఆరు రోజులున్నాయి.

పేరు విషయంలో అతనిది ఒకటే పరీక్ష. ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పులేకుండా టైపు చెయ్యాలి. మరిపెడ మిర్చి అనుకుంటే అది ఎవరో ముందే తీసుకున్నారు. రూతు మిర్చి అంటే ఆమె ఒప్పుకోలేదు. "పేరు నాదెందుకు? చెయ్యి అవ్వది" అంది. శుక్రవారం రూతు వాళ్ల వాకిట్లో కూర్చుని ఇద్దరూ తలలు పట్టుకుంటే, పొలం నుంచి వస్తున్న కూలీ ఒకామె గేటు దగ్గరినుంచే అరిచింది.

"అవ్వా, కారం పావుకిలో కట్టు!"

సురేందర్ ఎగిరి లేచాడు. "దొరికింది! అవ్వ కారం."

"ఆంధ్రల అవ్వ అంటే నాయినమ్మ అనుకుంటరేమో?"

"అనుకోనియ్యి. నాయినమ్మ కారమైతే ఇంకో పావుకిలో ఎక్కువే కొంటరు."

రూతు నవ్వింది. ఆ నవ్వు చూశాక సురేందర్‌కి పేరు, సైటు రెండూ కాసేపు గుర్తురాలేదు. ఇంకో సంగతీ ఉంది. ఆ రోజు ఆమె ఒక్కసారి కూడా అన్నా అనలేదు. అతను లెక్కపెట్టుకున్నాడు మరి.

ఆదివారం చర్చి నుంచి రాగానే అండాలును రేకుల కింద మంచం మీద కూర్చోబెట్టారు. సురేందర్ ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఒకప్పుడు ఆమె కేక వేస్తే అంగడి ఈ కొసనుంచి ఆ కొసకు వినపడేదట.

"అవ్వ... కరం."

అంతే వచ్చింది. 'కా' అని సాగదీయడానికి ఊపిరి చాలడం లేదు. మళ్లీ అంది, మళ్లీ కరమే. పదిసార్లు అన్నా కరమే.

"సాగదియ్యవ్వా! కా... కారం!" రూతు గదిమింది. తల్లి కళ్లలో నీళ్లు చూసి, మంచినీళ్లు తెస్తానని లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక గ్లాసు కింద పెట్టి సురేందర్ మీద పడింది.

"బంద్ చెయ్యి. తప్పు పలుకుతుంది. ఇంటే నలుగురు నవ్వుతరు, నువ్వు నవ్విచ్చినట్టే. నాకు పేరొద్దు, సైటొద్దు."

ఆ దెబ్బ సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది. అతను ఫోను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆపరేషనైన తొమ్మిదో రోజున అండాలు తెల్లబట్ట కప్పుకుని అంబులెన్సులో ఊరికి వచ్చింది. సమాధి దగ్గర అందరితోపాటు సురేందర్ కూడా గుప్పెడు మట్టి వేశాడు. రూతు అతని వైపు చూడలేదు.

నలభై రోజులు గడిచాయి. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆమె తడిసిన చున్నీతో షాపు మెట్లెక్కింది.

"మిగిలిన మిరపకాయలకు తొడిమెలు తీస్తున్న. గవి అమ్మి కారం పని బంద్ చేస్త. ఆ రికార్డింగు ఉంటే తీసెయ్యి, చెప్పి పోదామని వచ్చిన."

"పేరు తీసుకున్న," అన్నాడు సురేందర్. "ఆ ఆదివారమే. పదేండ్లకు. నీ పేరు మీదనే ఉన్నది."

"ఎవల్నడిగి? వద్దన్న గద!"

"అన్నవ్. మా యాడి పోయి ఆరేండ్లాయె." వాళ్ల తండాలో అమ్మని యాడి అంటారు. "ఫోటోలున్నయి, గొంతు లేదు. నన్నెట్ల పిలిచేదో మరిచిపోతున్న. నీకు గట్ల కావద్దనుకున్న. ఒక్కసారి ఇను. అప్పుడు గూడ వద్దంటే తీసేస్త."

ఫోను బల్ల మీద పెట్టాడు. వాన చప్పుడులోంచి ఆ అరిగిపోయిన గొంతు వచ్చింది.

"అవ్వ... కరం."

రూతు ఫోను మీదికి వంగింది. ప్రతి ఆదివారం ప్రార్థనలో వినే మాటే, దేవుని కరం అని.

"అవ్వ చెయ్యి అంటున్నది," అంది మెల్లగా.

"ఇంగ్లిషుల రాస్తే రెండూ ఒక్కటే. అవ్వ తప్పు పలకలే."

ఆమె బల్లమీద తల ఆనించి ఏడ్చింది. నలభై రోజులుగా రాని ఏడుపు అది. రికార్డింగు ఇంకా నడుస్తూనే ఉంది. సురేందర్ గాభరాగా ఆపబోతే రూతు ఫోను పట్టుకుంది.

"ఇంకేమున్నది?"

"ఏం లేదు... జర ఆపు."

ఆమె ఆపలేదు. నీళ్లకని రూతు లోపలికి వెళ్లినప్పటి మాటలు అవి. అండాలు గొంతు గుసగుసలా వినిపించింది.

"బిడ్డా... పిల్ల లోపట ఏడుస్తుంది. కోపం నోట్లనే, మనసు మంచిది. నేనుండ. నువ్వు... దాని చెయ్యి ఇడువకు."

ఆ వెంటనే సురేందర్ గొంతు. "ఇడువనవ్వా."

రూతు తల ఎత్తింది. "ఇన్ని దినాలు గిది దాస్తివా?"

"అవ్వ పోయిన దుఃఖంల ఇనిపిస్తే, నా మతలబుకే ఇనిపిస్తున్న అనుకుంటవని."

"మతలబు ఉన్నదా, లేదా?"

"ఉన్నది," అన్నాడు సురేందర్. "నువ్వు చీటీ గుంజుకున్న దినం సంది ఉన్నది."

ఆమె చెయ్యి చాపింది. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి తొడిమెలు తీసిన ఆమె వేళ్ల మీది కారం వాన తడికి కరిగి అతని అరచేతులకు అంటుకుంది.

"మండుతుందా?"

"మండుతుంది."

"ఇడువు మరి."

"అవ్వకు మాటిచ్చిన."