‘సుయ్’ చప్పుడు ఎటు పోయింది?

మధ్యాహ్నం అన్నం తిని సంజన షాపులోకి వచ్చేసరికి ఆ చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. “సుయ్...” అంటూ సన్నగా, ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి ఊదుతున్నట్టు.

“అవ్వా, ఇంకా ఆగలేదా?”

“ఏడ ఆగింది బిడ్డా! పొద్దుటి సంది గదే మోత,” అంది కమలవ్వ, చిక్కుడుకాయలు తుంచుతూ.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు వెళ్లే ఒక సందు మలుపులో ఉంది ఆ షాపు. సంజన వాళ్ల నాన్న జైపాల్‌ది. బండ్లకు పంక్చర్లు వేస్తాడు, గాలి కొడతాడు. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే అన్నలూ అక్కలూ ఆ షాపుకే వస్తారు. వెనక గదుల్లోనే సంజన వాళ్ల ఇల్లు. నాయనమ్మ కమలవ్వకు షాపులో ఒక చోటు ఖాయం. గోడ నీడలో, కంప్రెసర్ పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. వచ్చేపోయే వాళ్లందరినీ పేరు పెట్టి పలకరిస్తుంది.

కంప్రెసర్ అంటే కింద పొడుగాటి ఇనుప ట్యాంకు, దాని మీద మోటారు. మోటారు తిరిగితే ట్యాంకులో గాలి నిండుతుంది. ఆ గాలే రబ్బరు పైపులోంచి టైర్లలోకి వెళుతుంది. ఈ కంప్రెసర్ వయసులో సంజన కంటే పెద్దది.

పొద్దున ఆ చప్పుడు విని జైపాల్ పైపు జాయింటు బిగించాడు. అయినా ఆయన అనుమానం తీరలేదు. మోటారు ఆపేశాడు.

“రేపు మెకానిక్ ఉమాకాంతన్నను పిలుస్త. ఆయన చూసేదాంక దీన్ని ఎవ్వరూ ముట్టొద్దు,” అన్నాడు.

“రేపు జూకు పోదామన్నవ్ కదా డాడీ?”

“జూ ఏడికి పోతదిరా? వచ్చే ఆదివారం పోదాం.”

‘వచ్చే ఆదివారం’ అనే మాట సంజన చాలాసార్లు విన్నది. ఈసారి అమ్మ స్నేహలత కూడా క్లినిక్‌లో సెలవు పెట్టుకుంది. నీటి గుర్రం నోరు తెరిస్తే ఎంత పెద్దగా ఉంటుందో చూడాలని సంజన ఎప్పటినుంచో అనుకుంటోంది. ఇప్పుడు ఈ చప్పుడు వచ్చి అంతా పాడు చేసింది.

నాన్న కొత్త ట్యూబులు తేవడానికి నారాయణగూడ వెళ్లాడు. అమ్మ డ్యూటీలో ఉంది. అవ్వ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, లోపల మంచం మీద నడుం వాల్చింది.

‘ఆ చప్పుడు ఆగిపోతే ఉమాకాంత్ అంకుల్‌ను పిలిచే పనే లేదు కదా!’ అనుకుంది సంజన.

ట్యూబుకు చిల్లు ఎక్కడుందో నాన్న ఎలా కనిపెడతాడో సంజన రోజూ చూస్తూనే ఉంటుంది. మగ్గులో సబ్బు నీళ్లు కలిపింది. గుడ్డ ముంచి ట్యాంకు పొడవునా రాసింది. అడుగున, నేలకు దగ్గరగా, చిన్న చిన్న బుడగలు పొంగాయి. అక్కడ పెయింటు ఉబ్బి ఉంది. గోటితో గీకితే ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా రాలింది.

“దొరికింది!”

అప్పటికే ట్యాంకులో గాలి చాలావరకు పోయింది. చప్పుడు సన్నగిల్లి, కాసేపటికి దానంతటదే ఆగింది. సంజన వంటింట్లోకి పరుగెత్తింది. సింకు పైపు కారినప్పుడు అమ్మ తెచ్చిన లీకు మందు ఇంకా కొంచెం ఉంది. దాంట్లో ఉండే రెండు ముద్దలూ కలిపి పిసికితే మైనంలా అవుతుంది. ఆరితే రాయిలా గట్టిపడుతుంది. ఆ ముద్దను తుప్పు మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా ఒత్తింది. ఆరాక, గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ పెయింటు పైన పూసింది. ట్యాంకుదీ అదే రంగు.

దూరంగా జరిగి చూసింది. ఎక్కడ అతికించిందో తనకే సరిగ్గా కనిపించలేదు. సంజనకు ఎంత సంతోషం వేసిందో!

సాయంత్రం జైపాల్ వచ్చేసరికి గాలి కోసం ముగ్గురు నలుగురు బండ్లతో నిలబడి ఉన్నారు. కమలవ్వ మళ్లీ తన పీట మీద కూర్చుంది. ఆయన మోటారు వేసి, ట్యాంకు వైపు చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

“అరె, చప్పుడు పోయింది! పొద్దున బిగించిన జాయింటే, మెల్లగ సర్దుకున్నట్టుంది. ఉట్టిగనే పరేషాన్ అయిన.” కూతురి వైపు చూసి నవ్వాడు. “సంజూ, రేపు జూ పక్కా!”

సంజన ఎగిరి గంతేసింది. ‘జాయింటు కాదు, నేనే బాగు చేశాను’ అని చెప్పాలనిపించింది. కానీ ముట్టొద్దు అన్నాడుగా. రేపు జూలో చెబుదాంలే అనుకుంది.

వరసలో అనుదీప్ ఉన్నాడు. గ్రూప్స్‌కు చదువుకుంటున్న అన్న. బండికి గాలి కొట్టే లోపు అవ్వ పక్కన గోడకు ఆనుకుని పుస్తకం తిరగేస్తున్నాడు.

“ఏమైందన్నా కంప్రెసర్‌కు?” అని అడిగాడు.

“జాయింటు లూజైంది, గంతే. జాయింటు అయితే ఏం కాదు అనుదీప్. అదే ట్యాంకుకు చిల్లు పడితే మాత్రం డేంజర్. తుప్పు లోపటి నుంచి ఇనుమును తింటది. పైకి మంచిగనే కనబడ్తది. లోపల ఉన్నది నొక్కిపెట్టిన గాలి. పలచబడ్డ కాడ ఎప్పుడు పగుల్తదో చెప్పలేం. బాంబు లెక్కనే.”

సంజన చేతిలో ఉన్న బిస్కెట్ చేతిలోనే ఉండిపోయింది.

మోటారు డబడబా తిరుగుతోంది. మీటరులో ముల్లు పైకి పోతోంది. అవ్వ కాళ్లు చాపుకుని ట్యాంకు పక్కనే కూర్చుని ఉంది.

‘ఏం కాదు. గట్టిగానే పెట్టాను. రాయిలా ఉంది,’ అనుకుంది సంజన. అయినా కాళ్లు ఊరుకోలేదు.

“అవ్వా, జర ఇటొచ్చి కూసో.”

“ఎందుకే?”

“ఆడ... ఆడ ఎండ కొడ్తుంది.”

“పొద్దుమూకినంక ఎండేంది పిల్లా!” కమలవ్వ పకపకా నవ్వింది. అనుదీప్ కూడా నవ్వాడు.

“దోమలున్నయ్ అవ్వా.”

“నన్నేం జేస్తయ్ దోమలు? నా తోలు మందం,” అని అవ్వ ఇంకాస్త వెనక్కి వాలింది.

సంజన వంగి ట్యాంకు అడుగున చూసింది. ఆకుపచ్చ పెయింటు అంచున ఒక నీటి చుక్క. తుప్పు రంగులో ఉంది. చుక్క పెద్దదై నేల మీద పడింది. దాని వెనకే ఇంకోటి ఊరింది.

చెబితే నాన్నకు కోపం వస్తుంది. జూ ఉండదు. అవ్వేమో అక్కడే కూర్చుని ఉంది.

“డాడీ! బంద్ చెయ్! మోటార్ బంద్ చెయ్!”

సంజన అంత గట్టిగా అరవడం జైపాల్ ఎప్పుడూ వినలేదు.

“జాయింట్ కాదు డాడీ. ట్యాంకుకే చిల్లు. నేను లీకు మందు పెట్టిన. పైన పెయింట్ వేసిన. ఇప్పుడు నీళ్లు కారుతున్నయ్.”

జైపాల్ వెంటనే తలుపు దగ్గర గోడకు ఉన్న మెయిన్ స్విచ్ ఆపేశాడు. “అమ్మా, లే! అనుదీప్, అవ్వను పట్టుకో. అందరూ రోడ్డవతలికి పొండి. సంజూ, నువ్వు కూడా. బండ్లు ఆడనే ఉండనియ్యండి!”

అందరూ సందు అవతల టీ కొట్టు దగ్గరికి చేరారు. గాలి కొట్టే పైపు బాగా పొడుగ్గా ఉంటుంది. దాని కొస బయట, రోడ్డు పక్కనే పడి ఉంది. జైపాల్ ట్యాంకు దగ్గరికి పోలేదు. షాపు గోడ చాటున నిలబడి ఆ కొస అందుకున్నాడు. మీట నొక్కి గాలి వదలడం మొదలుపెట్టాడు.

“బుస్స్...” అని గాలి పోతూనే ఉంది. అనుదీప్ తన బండి తెమ్మని అడగలేదు. టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని అలాగే చూస్తున్నారు. సంజన అవ్వ కొంగు గట్టిగా పట్టుకుంది.

చివరికి బుస ఆగింది. జైపాల్ ఇంకా కాసేపు అక్కడే ఆగాడు. తరవాత గడపలోంచి తొంగి మీటరు చూశాడు. ముల్లు సున్నా మీద ఉంది.

అప్పుడు రోడ్డు దాటి సంజన దగ్గరికి వచ్చాడు. సంజన తల దించుకుంది. ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఎందుకు చెప్పలేదురా?”

“జూకు పోమేమోనని...” ఏడుపు వచ్చింది.

జైపాల్ కూతురి మొహం తన చొక్కాతోనే తుడిచాడు.

“పొద్దున ఆ చప్పుడు వింటేనే కదా నేను మోటారు బంద్ చేసింది? ఇప్పుడు అది వినబడలే. అందుకే ధైర్యంగ నడిపిన. మీ అవ్వ పక్కన్నే నడిపిన.”

సంజన వెక్కుతూ తల ఊపింది. తను మూసింది చిల్లును కాదు, ‘జాగ్రత్త’ అని చెబుతున్న దాని నోటిని అని ఆమెకు అర్థమైంది.

“అయితేంది? చెప్పింది కదా!” అని కమలవ్వ కొడుకును కసిరింది. “అందరి ముంగట చెప్పింది నా బిడ్డ. ఇగ చాలు, టీ తాగు.” అని సంజన తలను ఒళ్లోకి లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే ఉమాకాంత్ వచ్చాడు. మీటరు సున్నా మీద ఉన్నా నమ్మలేదు. ప్లగ్గు పీకించాడు. ఉన్న వాల్వులన్నీ తెరిచి, లోపల గాలి లేదని చూసుకున్నాకే ట్యాంకును పక్కకు వంచాడు. లోపలి నుంచి టీ డికాక్షన్ లాంటి నీళ్లు బొళబొళా కారాయి.

“ఇన్ని నీళ్లు ఎట్లొచ్చినయ్ అంకుల్?” అంది సంజన, కాస్త దూరం నుంచే.

“గాలిలనే తేమ ఉంటది బిడ్డా. నొక్కిపెడ్తే నీళ్లయి అడుగుకు చేరుతది. రోజూ కింద మూత తీసి వదలాలె.” ఉమాకాంత్ ఆ మూత తిప్పబోయాడు. అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఆయన జైపాల్ వైపు చూశాడు.

జైపాల్ తల గోక్కున్నాడు. “మస్తు రోజులాయె అన్నా నేను దాని మొహం చూడక. తప్పు నాదే.”

నాన్న కూడా ‘తప్పు నాదే’ అనడం విని సంజన ఆశ్చర్యపోయింది.

ఉమాకాంత్ అతుకు పక్కన స్క్రూడ్రైవర్ ఆనించి కొంచెం నొక్కాడు. అది కసుక్కున లోపలికి దిగిపోయింది. ఇనుము అక్కడ అప్పడంలా అయిపోయింది.

“వెల్డింగ్ పెడ్తే అయితదేమో కదా?” అంది కమలవ్వ.

“ఒకటి మూస్తే పక్కన ఇంకోటి పడ్తదవ్వా. అడుగంతా గిట్లనే ఉంది. దీని పని అయిపోయింది. కొత్త ట్యాంకే.”

ఆ రోజు జూ మాట ఎవరూ ఎత్తలేదు. సంజన కూడా అడగలేదు.

కొత్త కంప్రెసర్ వచ్చింది. పాత ట్యాంకును పాత సామాన్ల బండికి వేద్దామని గేటు పక్కన పెట్టారు. ఒకరోజు సంజన బడి నుంచి వచ్చేసరికి ఎవరో దాన్ని తట్టి చూస్తున్నారు. కరుణాకర్ అని, నాన్నకు తెలిసినాయన. వాళ్ల ఊళ్లో కొత్తగా పంక్చర్ షాపు పెట్టుకుంటున్నాడు.

“ఉట్టిగ పడి ఉంది కదవ్వా, నేను తీస్కపోనా? వెల్డింగ్ పెట్టిచ్చి రంగేస్తే మస్తు నడుస్తది,” అంటున్నాడు.

“మా జైపాల్ వచ్చినంక అడుగు బిడ్డా. లోపల ఏదో విప్పుతున్నడు,” అంది కమలవ్వ.

కరుణాకర్ అప్పటికే ట్యాంకును ఆటోలోకి ఎత్తడానికి చేతులు వేశాడు. ఆటోలో ఒక చిన్న పిల్లవాడి చెప్పుల జత, ప్లాస్టిక్ బంతి ఉన్నాయి.

సంజన బ్యాగు కింద పడేసింది.

“బాబాయ్, వద్దు! తీస్కపోకు!”

ఆయన ఆగాడు. “ఎందుకమ్మా?”

చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. కొత్త మనిషి ముందు తన తప్పంతా చెప్పాలి. సంజన చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు.

“నేను కూడా చిల్లు మూసి పెయింట్ వేసిన బాబాయ్. చప్పుడు పోయింది. అందరం బాగయిందనుకున్నం. మా అవ్వ దీని పక్కన్నే కూసుంది. కానీ లోపల అట్లనే ఉంది. చూడు, ఈడ వేలు పెట్టి చూడు. అప్పడం లెక్క ఉంది.”

కరుణాకర్ వంగి చూశాడు. వేలితో తడిమాడు. తుప్పు పెళ్లలుగా చేతిలోకి వచ్చింది. ఆయన ఆటోలోని బంతి వైపు ఒకసారి చూసి, చేతులు దులుపుకున్నాడు.

“మా చిన్నోడు పొద్దంతా షాపులనే ఆడుతడు,” అన్నాడు మెల్లగా.

జైపాల్ ఎప్పుడు వచ్చాడో, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పానా అలాగే ఉంది. సంజన ఆయన వైపు తిరిగింది.

“డాడీ, ఇంకెవరైనా తీస్కపోయి మళ్లా గాలి నింపితే?”

జైపాల్ లోపలికి వెళ్లి డ్రిల్లింగ్ మిషన్ తెచ్చాడు. “నువ్వు అవ్వ పక్కన నిలబడు,” అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ట్యాంకు వాల్వులన్నీ తెరిచి ఉన్నాయని ఇంకోసారి చూసుకున్నాడు. “ఏడ పెట్టమంటవ్ చిల్లు?”

“అందరికీ కనబడే కాడ,” అంది సంజన. “మస్తు పెద్దగ.”

డ్రిల్లు గర్రున అరిచింది. కమలవ్వ రెండు చెవులూ మూసుకుని, “ఏం మోతరా నాయనా!” అని కొడుకును తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు ఎవరికీ వినబడలేదు. కరుణాకర్ నవ్వుతూ ట్యాంకు కదలకుండా పట్టుకున్నాడు.