ఇమ్మానుయేలుగారి అట్ట

"ఏటిది జెఫ్రీ? పిల్లలకి సినిమా అన్నావు, సగం చీకటే చూపించావు!"

మొదటి శనివారమే కారుణ్య నా మీద విరుచుకుపడింది. తప్పు నాది కాదు, వాళ్ల నాన్నది. ఆ మాట ఆయన ఎదురుగా అనగలిగే మొనగాడు మా టికియాపారాలో ఇంకా పుట్టలేదు.

మా రైల్వే క్వార్టర్ల పిల్లలు బెంగాలీలో ఆడుకుంటారు, హిందీలో తిట్టుకుంటారు, తెలుగులో అన్నం మాత్రం అడుగుతారు. వీళ్లకి మన సినిమా చూపిస్తే మన సంస్కృతి దానంతటదే వచ్చేస్తుందని చర్చి పెద్దలు తీర్మానించారు. ప్రొజెక్టర్ నాది. పిల్లల్ని కూర్చోబెట్టడం సండేస్కూల్ టీచర్ కారుణ్య వంతు. సంస్కృతిని కాపాడే పని మాత్రం ఆమె నాన్న, సంఘపెద్ద ఇమ్మానుయేలుగారు ఎవరికీ ఇవ్వలేదు.

ఆయన ఆయుధం ఒక అట్టముక్క. ప్రొజెక్టర్ పక్కనే కుర్చీ వేసుకుంటారు. హీరో హీరోయిన్లు దగ్గరికి రాగానే లెన్సు ముందు అట్ట పెట్టేస్తారు. హీరో ఊరందరి తలలూ పగలగొట్టినా అట్ట లేవదు. హీరోయిన్ చెయ్యి పట్టుకుంటే లేస్తుంది. మా చిన్నప్పుడు క్రిస్మస్‌కి సినిమా వేసినా ఇదే హాలు, ఇదే అట్ట.

"దీదీ, ఆ తాత కాలేజీకెందుకు ఎల్తన్నాడు?" ముందు వరసలోంచి చిన్ని అడిగింది.

"తాత కాదమ్మా, హీరో," అంది కారుణ్య, నవ్వాపుకుంటూ నావైపు చూసి.

ఆ చూపుకి నేను సౌండు పెంచబోయి సినిమా ఆపేశాను. అప్పట్నుంచి వారమంతా శనివారం కోసమే బతికాను.

ఒక శనివారం వాన దంచికొడుతోంది. కిటికీలకి దుప్పట్లు కడుతూ కారుణ్య మెల్లిగా అంది.

"రేపు ఖరగ్‌పూర్ నుంచి పెళ్లివారొస్తన్నారు. నాన్న మాటిచ్చీడానికి రెడీగున్నాడు."

"నువ్వేటన్నావు?"

"నన్నెవరడిగారు? సినిమాలో అయితే ఈపాటికి హీరో వచ్చి చెప్పీవోడు."

"ఏటి చెప్పీవోడు?"

"నాకేటి తెలుసు! మా నాన్న అట్ట అడ్డెట్టీసేవోడు కదా!"

చేతిలో దుప్పటి నా మొహాన కొట్టి వెళ్లిపోయింది.

ఇంతలో ఇమ్మానుయేలుగారు పిల్లలకి పరీక్ష పెట్టారు. "ఇన్ని సినిమాలు చూసినారు కదా, ఏటి నేర్చుకున్నార్రా?"

చిన్ని లేచి నిలబడింది. "ఇద్దరు దగ్గరికొస్తారు దాదూ. కరెంటు పోద్ది. కరెంటొచ్చాక పెళ్లే."

పిల్లలందరూ తలలూపారు. ఆయన గొంతు సవరించుకుని, "సరే, సినిమా ఎయ్యరా," అన్నారు.

లైట్లార్పి ప్రొజెక్టర్ వేశాను. గోడమీద తెర సర్దుతున్న కారుణ్య మీద తెల్లటి వెలుగు పడింది. ఇక ఆగలేక నేరుగా ఆ వెలుగులోకి నడిచాను.

"ఒరే, ఎటెల్తన్నావు?" అని వెనకనుంచి కేక. వినిపించుకోలేదు. కారుణ్య చెయ్యి పట్టుకున్నాను.

చెయ్యి పట్టుకోవడం కంటపడిందో లేదో, పెద్దాయన అలవాటు కొద్దీ టక్కున అట్ట పెట్టేశారు. హాలంతా చీకటి.

"కారుణ్యా, నువ్వంటే నాకు ప్రాణం. రేపు వాళ్లని రావద్దని చెప్పు."

"ఇంతకాలం పట్టిందా ఈ ముక్క చెప్పడానికి? చెప్తాన్లే," అంది. తన వేళ్లు నా చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

తను దాచింది హీరోయిన్‌ని కాదు, కన్నకూతుర్నని ఆయనకి అప్పుడు తట్టింది. గబుక్కున అట్ట తీశారు. చేతులు కలుపుకుని మేమిద్దరం తెరనిండా ఉన్నాం.

"కరెంటొచ్చీసింది! పెళ్లి! పెళ్లి!" పిల్లలు అరుపులతో హాలు కప్పు ఎగరగొట్టేశారు.

"ఎవర్రా పెళ్లన్నది?" ఆయన గద్దించారు.

"నువ్వే కదా దాదూ, ప్రతీ శనివారం చూపించినావు," అంది చిన్ని.

ఆయన అట్టవంక చూశారు, మావంక చూశారు, కుర్చీలో కూలబడ్డారు. "నీకిష్టమేనా అమ్మా?"

"ఇష్టమే నాన్నా."

"మరి ఖరగ్‌పూర్ వాళ్లకి నానేటి చెప్పాలి?"

"కరెంటు పోయిందని చెప్పు నాన్నా!"

పెద్దాయనకి నవ్వొచ్చింది. పిల్లలు చూడకుండా అట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నారు.