నజ్వా వెండి పిన్ను

"అమ్మా, లల్లా జుబీదా, మీరే దిక్కు! ఫెస్ నగరం చూపిస్తానని తీసుకొస్తే మా ఆవిడ గడప దాటనంటోంది."

మెక్నెస్ నుంచి వచ్చిన ఇద్రీస్ రొప్పుతూ కూలబడ్డాడు. డిటెక్టివ్ జుబీదా సైగ చేయగానే సహాయకుడు అన్వర్ అతనికి పుదీనా టీ అందించాడు.

పెళ్లయి ఇరవై ఏళ్లయిందని, రెండు రోజులు సరదాగా ఊరు తిరగడానికి భార్య నజ్వాతో వచ్చి, షుఐబ్ అనే అతని అతిథిగృహంలో దిగాడు ఇద్రీస్. రాత్రి గదిలో నజ్వా శాలువా తీస్తుంటే, ఆమె అమ్మమ్మ ఇచ్చిన వెండి పిన్ను సూది ఊడింది. ఇద్రీసే దాన్ని పచ్చదారంతో కట్టి సొరుగులో పెట్టాడు. పొద్దున డాబా మీద ఫలహారం ముగించి వచ్చేసరికి అది మాయం.

"పక్కలు సర్దే పనిమనిషి ఇట్టోనే తీసిందంటాడు షుఐబ్. మధ్యాహ్నానికల్లా పోలీసులకి పట్టిస్తాడట. ఆమె అలాంటిది కాదని మా ఆవిడ పంతం!"

"మీ ఆవిడంటే నాకప్పుడే ఇష్టం కలుగుతోంది," అంటూ జుబీదా లేచింది.

అతిథిగృహం వాకిట్లో ఇట్టో కళ్లు తుడుచుకుంటోంది. నలభై ఏళ్ల మనిషి. నజ్వా ఆమె చెయ్యి వదల్లేదు. ఎండ మండుతున్నా షుఐబ్ ముసుగున్న పొడవాటి ఉన్ని అంగీ, జెల్లాబాలో చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు.

"దుప్పట్లు మార్చానంతే లల్లా. సొరుగు జోలికే పోలేదు," అంది ఇట్టో.

పక్కగదిలో దిగిన ముసలి పంతులు బర్రాదా నజ్వాను చూపించాడు. "నిన్న సాయంత్రం ఈవిడ భుజం మీద ఆ పిన్ను చూశాను. ఎర్రరాళ్లు, చక్కటి పని."

"ఏం చక్కదనం?" షుఐబ్ విసుక్కున్నాడు. "పచ్చదారంతో కట్టిన పాత వెండి ముక్క! ఇట్టోలాంటి వాళ్లు తప్ప ఇంకెవరు తీస్తారు?"

అన్వర్ గబగబా రాసుకున్నాడు. జుబీదా అందరినీ కూర్చోమంది.

"పంతులుగారు రాళ్లు చూశారు. నిన్నంతా అవే కనిపించాయి. దారం కట్టింది రాత్రి, తలుపు వేసుకున్న గదిలో. తర్వాత పిన్ను సొరుగు దాటి బయటికి రాలేదు. ఇద్రీస్ గారూ, దారం సంగతి మీరుగానీ మీ ఆవిడగానీ ఇక్కడెవరికైనా చెప్పారా?"

"లేదు, ఒట్టు!" నజ్వా కూడా తల అడ్డంగా ఊపింది.

"అయితే షుఐబ్ గారూ, మీరెలా చూశారు?"

షుఐబ్ జెల్లాబాను మెడ దగ్గర ఇంకాస్త బిగించుకున్నాడు.

"మీ దగ్గర ప్రతి గదికీ రెండో తాళంచెవి ఉంటుంది. నింద పేదమనిషి మీదికి తోస్తే మిమ్మల్నెవరూ వెతకరు. కానీ ఈ ఎండలో ఆ ఉన్నిబట్ట ఎందుకు విప్పలేదు? అన్వర్, వీపు మీద వేలాడే ఆ ముసుగు చూడు."

అన్వర్ చెయ్యి పెట్టాడు. ఎర్రరాళ్లు, పచ్చదారం, అన్నీ అందులోనే ఉన్నాయి. వెనక నిలబడి ఇంతసేపు తనేం చూశాడా అని అతను సిగ్గుపడ్డాడు.

"ముసుగులో ఉల్లిపాయలు మోస్తారని తెలుసుగానీ, ఆడవాళ్ల నగలు కూడానా!" పంతులు పకపకా నవ్వాడు. ఇద్రీస్ పోలీసులకి ఫోన్ కలిపాడు.

నజ్వా పిన్ను అందుకుని ఇట్టో వైపు తిరిగింది. "అక్కా, మా ఆయన నిన్నటి నుంచి మూడుసార్లు దారి తప్పాడు. ఊరు నువ్వే చూపించాలి."

ఇట్టో నడుముకున్న పనిగుడ్డ విప్పి, నాలుగు మడతలు వేసి, షుఐబ్ ఒళ్లో పెట్టింది.

"రండి," అంది చెప్పులు తొడుక్కుంటూ. "రంగుల వీధి నుంచి మొదలుపెడదాం."