ఎర్ర అతుకు

వీధి మలుపులో చెత్తబండి హారన్ వినిపించగానే తూనీగ పరుగందుకుంది. రెండు చేతుల్లో రెండు పెద్ద సంచులు. మెట్టు మెట్టుకీ అవి ధబీధబీమని తగులుతున్నాయి. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి నీలం బకెట్‌ని టోపీలా నెత్తిన బోర్లించుకుంది.

"ఏమే, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నామా?" వంటగదిలోంచి అత్త కేకేసింది.

"ప్లాస్టిక్ అంతా తీసేస్తున్నా అత్తా! ఇక మనది పచ్చ ఇల్లు!" బకెట్ లోపలి నుంచి తూనీగ గొంతు గుయ్‌మంది.

తూనీగ అసలు పేరు బడి రిజిస్టరులోనే ఉంటుంది. ఒకచోట కాలు నిలవదని అమ్మ ఆ ముద్దుపేరు పెట్టింది. కిందటి వానాకాలంలో అమ్మ జబ్బుచేసి చనిపోయింది. అప్పటి నుంచి నాన్నకి అక్క అయిన అత్త వచ్చి వీళ్ళతోనే ఉంటోంది.

ఈ పచ్చ ఇల్లు గొడవ శుక్రవారం మొదలైంది. "మీ ఇంట్లో ప్లాస్టిక్ ఎలా తగ్గించవచ్చో ఆలోచించండి. చేసి చూసి సోమవారం చెప్పండి. బాగా చేసినవాళ్ళది పచ్చ ఇల్లు. వాళ్ళ తలుపుకి ఆకు స్టిక్కర్ ఇస్తాను" అంది సైన్స్ టీచర్.

బెల్లు కొట్టగానే, క్లాసంతా సోడాబుడ్డి అని పిలిచే పక్క బెంచీ కుర్రాడు కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "మా ఇంట్లోంచి సంచెడు తీసేస్తా" అన్నాడు.

"సంచెడేనా? నేను రెండు తీస్తా చూడు!" అంది తూనీగ. అన్న మాట నిలబెట్టుకోవద్దూ మరి! డబ్బాలు, మూతలు, సబ్బుపెట్టె, జల్లెడ, కంటికి కనిపించినవన్నీ సంచుల్లోకి పోయాయి. బట్టల బుట్ట మాత్రం పట్టలేదు. దాని అంచు ఎలాగూ చీలింది, రేపటి బండికి ఇద్దామని తలుపు పక్కన పెట్టింది.

చెత్తబండి తాత సంచులు అందుకున్నాడు. బకెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని పక్కన జానెడు పొడవున వంకరటింకర ఎర్ర అతుకు ఉంది.

"బాగానే ఉంది కదా తల్లీ ఇది?"

"పాతది తాతా. అతుకు కూడా ఉంది, చూడు."

తాత దాన్ని లోపలికి విసిరాడు. బండిలోని ఇనప పలక కిందికి దిగింది. ఫట్‌మని చప్పుడైంది. తూనీగ చేతులు దులుపుకుని గెంతుకుంటూ ఇంటికి వచ్చేసింది.

నాన్న బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం వస్తూనే, మోచేతుల దాకా గ్రీజుతో స్నానాలగదిలోకి వెళ్ళాడు.

"తూనీగా, బకెట్ ఏదమ్మా?"

"అక్కడే ఉంది కదా నాన్నా, అత్త స్టీలు బకెట్!"

"ఇది కాదు. అతుకు బకెట్."

"అదా? చెత్తబండికి ఇచ్చేశా."

నాన్న బయటికి వచ్చాడు. చేతిలో సబ్బు ఉంది. సబ్బుపెట్టె కూడా లేకపోవడంతో దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తోచలేదు. అత్త ఒక సాసర్ తెచ్చి పట్టింది. సబ్బు అందులో పెట్టి నాన్న చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికిరా, ఒంటినిండా ఆ గ్రీజుతో?"

"ఇప్పుడే వస్తా అక్కా."

తూనీగ వెంటపడింది. నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆయన ఎప్పుడూ అంత వేగంగా నడవలేదు. తూనీగ పరిగెత్తితే గానీ అందడం లేదు.

వీధి చివర బళ్ళు నిలిపే షెడ్డు దగ్గర చెత్తబండి తాత కుళాయి కింద బూట్లు కడుక్కుంటున్నాడు.

"నీలం బకెట్, పక్కన ఎర్ర అతుకు..." నాన్న మొదలుపెట్టాడు.

"ఆ లోడు మధ్యాహ్నమే వెళ్ళిపోయింది సార్. ఊరి బయట గుట్ట మీద పోసేశారు."

"ఆ గుట్టకి ఎటు వెళ్ళాలి?"

"ఇప్పుడా? వెళ్ళినా దొరకదు సార్. చెత్త మీద చెత్త పడుతూనే ఉంటుంది."

"ఎటు వెళ్ళాలో చెప్పండి, చాలు."

తూనీగకి ఆ ఫట్‌మన్న చప్పుడు మళ్ళీ వినిపించింది. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ అది చెవుల్లోనే ఉంది. నాన్న చొక్కా అంచు పట్టుకుని లాగింది.

"వద్దు నాన్నా. అది విరిగిపోయింది. బండిలో వేసినప్పుడే... నేను విన్నాను."

నాన్న అలాగే నిలబడిపోయాడు.

తూనీగ తాత వైపు తిరిగింది. "అక్కడ మట్టిలో కలిసిపోతుందా తాతా?"

"ప్లాస్టిక్కా? అదెక్కడ కలుస్తుంది తల్లీ! నీకు నాలా పళ్ళూడిపోయినా అక్కడే పడి ఉంటుంది."

తాత పక్కకి జరిగి కుళాయి పూర్తిగా తిప్పాడు. "రండి సార్, చేతులు కడుక్కోండి." నాన్న వంగి చేతులు కడుక్కున్నాడు. తర్వాత మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

తిరిగి వచ్చాక ఇద్దరూ ఇంటి మెట్ల మీద కూర్చున్నారు.

"ఆ అతుకు అమ్మ వేసిందా నాన్నా?"

"నీ పుణ్యమే అది! చిన్నప్పుడు ఆ బకెట్ బోర్లించి, దాని మీద గెంతి చీల్చావు. కొత్తది కొందాంలే అన్నాను నేను. 'కాలు విరిగితే మనిషిని పారేస్తామా?' అంది మీ అమ్మ. విరిగిన మగ్గులోంచి ముక్క కోసి, చాకు కాల్చి అతికించింది. ఇల్లంతా పొగ! ఇద్దరం దగ్గలేక చచ్చాం." నాన్న నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "పొద్దున్నే నీళ్ళు పట్టేటప్పుడు చెయ్యి దాని మీదికి పోయేది. అంతే."

తూనీగ ఏడ్చింది. నాన్న ఊరుకోమనలేదు. దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు.

మర్నాడు ఉదయం చెత్తబండి హారన్ మోగింది. తూనీగ తలుపు పక్కనున్న బుట్టని లోపలికి లాగేసింది.

మధ్యాహ్నం అత్త బట్టలారేయమంటే మేడ మీదికి వెళ్ళింది. తీగకి వేలాడుతున్న డబ్బాలోంచి క్లిప్పులు తియ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అది డబ్బా కాదు. ఎర్ర మగ్గు. పిడి లేదు. ఒక పక్కన పైనుంచి కింది దాకా పట్టీలా ముక్క కోసేసి ఉంది. ఎంత పొడవు కోశారో కొలవాల్సిన పని లేదు. జానెడే.

రోజూ చూస్తున్న మగ్గే. ఇన్నాళ్ళూ చూడనేలేదు.

సోమవారం క్లాసులో సోడాబుడ్డి లేచి, "ఒక సంచి, టీచర్!" అన్నాడు. టీచర్ బోర్డు మీద రాసింది. "నువ్వో, తూనీగా?"

"రెండు సంచులు పారేశాను టీచర్." తూనీగ తల దించుకుంది. "కానీ తగ్గలేదు. మా ఇంట్లోంచి గుట్ట మీదికి పోయింది, అంతే. వాడుకునే బకెట్ కూడా పోయింది. నాకు స్టిక్కర్ వద్దు."

టీచర్ బోర్డు వైపు చూసి, రాసిన అంకె నెమ్మదిగా చెరిపేసింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మా అమ్మ కూడా డబ్బాల కోసం వెతుక్కుంటోందే" అని గొణిగాడు.

ఆ సాయంత్రం నాన్న స్నానం చేసి వచ్చేసరికి, పొయ్యి పక్కన బట్టల బుట్ట, కత్తెర, ఎర్ర మగ్గు ఉన్నాయి. తూనీగ కిటికీలన్నీ తెరిచి పెట్టింది.

నాన్న మగ్గు చేతిలోకి తీసుకున్నాడు. కోసిన చోట వేలితో తడిమాడు. "దీన్ని ఇంకా కొయ్యాలా?" మెల్లగా అడిగాడు.

"అమ్మ అందుకే దాచింది కదా నాన్నా!"

నాన్న మగ్గుని ఒకసారి వెలుతురుకి తిప్పి చూశాడు. తర్వాత కత్తెర తీసుకుని అమ్మ కోసిన అంచు పక్కనే మరో ముక్క కోశాడు. చాకు తనే కాల్చి పట్టుకున్నాడు. తూనీగని దగ్గరికి రానివ్వలేదు. ముక్క మెత్తబడ్డాక, "ఇప్పుడు రా. గరిటె తడిపి వెనకవైపుతో నొక్కు. మీ అమ్మ అలాగే చేసింది" అన్నాడు.

తూనీగ ఊపిరి బిగబట్టి నొక్కింది.

అత్త వంగి చూసింది. "వంకరగా వచ్చిందే!"

"మీ మరదలిది కూడా వంకరేగా అక్కా" అన్నాడు నాన్న. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. పొగ వల్లేనని అత్త అంది.

అతుకు చల్లారాక నాన్న బుట్టలో తడిబట్టలు వేసుకుని పైకెత్తాడు. బొటనవేలు అతుకు మీద ఒక్క క్షణం ఆగింది.

తూనీగ అది చూసింది. మగ్గులో క్లిప్పులన్నీ తిరిగి వేసింది. ఖాళీ ఇప్పుడు వెడల్పయింది కదా, ఒక్కటీ జారిపోకుండా అరచేయి అడ్డం పెట్టి, నాన్న వెనకే ఒక్కో మెట్టూ చూసుకుంటూ మేడ ఎక్కింది.