బావ ఇచ్చిన షట్టర్ మోటార్

కోరుట్లలో దేవేందర్ ఇంటి కారు షెడ్డుకున్న షట్టర్ మోటార్ వానాకాలం మొదట్లోనే కాలిపోయింది. అప్పటినుంచి ఆ బరువైన షట్టరును గొలుసు లాగి ఎత్తడం, గొలుసు లాగి దించడం. పెళ్ళిళ్ళకూ దవాఖానాలకూ కారు తిప్పే మనిషి, రోజుకు ఎన్నిసార్లని లాగుతాడు? జగిత్యాల మెకానిక్కేమో "రేపొస్త" అంటూ వారాలు గడిపేశాడు.

"నేనే బిగిస్త తియ్. అదేమన్న రాకెట్టా?" అన్నాడు దేవేందర్.

భార్య నవనీత బీడీల చాట ముందేసుకుని కూర్చున్నదల్లా, నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన బాగుచేసిన మిక్సీ ఇప్పటికీ ఆన్ చేస్తే ఆగదు, ఆపితే మళ్ళీ తిరగదు.

సంగతి విని సిరిసిల్లనుంచి అక్క సరోజన భర్త మహేందర్ ఫోన్ చేశాడు. "కొత్తది కొనుడెందుకు బామ్మర్దీ? మా మగ్గాల షెడ్డుది ఉన్నది. మగ్గాలు అమ్మినంక ఉట్టిగనే పడున్నది. అచ్చి తీస్కపో."

దేవేందర్‌కు అక్కాబావలే పెద్దదిక్కు. బావ మాటంటే రెండో ఆలోచన లేదు. మర్నాడే కారేసుకుని వెళ్ళాడు.

మోటారుకు పసుపు కుంకుమ బొట్లున్నాయి, చుట్టూ నల్లదారం బిగించి చుట్టి ఉంది. దసరాకు మగ్గానికీ మోటారుకూ బొట్లు పెట్టడం అక్కడ మామూలే కదా అనుకుని దేవేందర్ పట్టించుకోలేదు. మహేందర్ మాత్రం దాన్ని తిన్నగా కారులో పెట్టనివ్వలేదు. గడప దగ్గర బామ్మర్దిని నిలబెట్టి, రెండు చేతుల్లో దాన్ని పెట్టి, తన చెయ్యి వదలకుండా అడిగాడు.

"ఎవల కోసం తీస్కపోతున్నవ్?"

"ఎవల కోసమేంది బావా, మా ఇంటికే."

"ఇంటికంటె కాదు. పేరు చెప్పరాదు."

దేవేందర్‌కు నవ్వొచ్చింది. మొన్న గొలుసు లాగబోయి అరచెయ్యి గీరుకున్న కూతురు గుర్తొచ్చింది. "మా మానస కోసం," అన్నాడు.

అప్పుడు వదిలాడు మహేందర్. తమ్ముడొస్తే అన్నం పెట్టనిదే పంపని సరోజన, ఆ రోజు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది. మేనకోడలు దీప కిటికీలోంచి మోటారునే చూస్తూ నిలబడింది. పిల్ల బాగా చిక్కిపోయిందే అనుకున్నాడు దేవేందర్.

తెల్లారి ముసురు పట్టింది. బేరాలు లేవు. సాయంత్రం పూట షెడ్డులో స్టూలేసుకుని, ఫోన్లో వీడియో పెట్టుకుని పనికి కూర్చున్నాడు. నల్లదారాన్ని బ్లేడుతో కోసేశాడు. బొట్లను కిరోసిన్ గుడ్డతో తుడిచేశాడు. పాత మోటారు దించి, కొత్తదాన్ని ఎక్కించి, చైను తగిలించి, వైర్లు కలిపాడు. బటన్ నొక్కితే షట్టర్ బుద్ధిగా కిందికి జారింది. దేవేందర్‌కు గాల్లో తేలినట్టుంది. నవనీతను పిలుద్దామని నోరు తెరిచాడు.

మోకాలెత్తులో షట్టర్ ఆగిపోయింది.

మళ్ళీ నొక్కాడు. కదల్లేదు. కింద ఏదో అడ్డం పడ్డట్టు మోటారు గుర్రుమంది. వంగి చూశాడు. ఏమీ లేదు. ఎక్కడ ఆగాలో చెప్పే మర సరిగా కుదరలేదేమోనని దాన్ని తిప్పాడు. పైకెత్తి మళ్ళీ దించాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

అప్పుడొచ్చింది వాసన. తడిసిన నూలు, కాగిన మగ్గం నూనె కలిసిన వాసన. తన ఇంట్లో ఆ వాసనకు పనేముంది? బయట వాన నిలిచిపోయినట్టుంది, చూరునీళ్ళ చప్పుడు కూడా లేదు. షెడ్డులో మాత్రం ఎవరో ఊపిరి తీస్తున్నారు. కష్టంగా... ఆగి ఆగి... రొమ్ముమీద బరువున్న మనిషిలా. షట్టర్ కిందనుంచి.

"మానసా..."

ఆడగొంతు. నవనీతది కాదు.

"మానసా... జెర లేపరాదు బిడ్డా..."

"ఆ... అస్తున్న!" వాకిట్లోంచి మానస పలికింది.

దేవేందర్ అరవబోయాడు. అంతలోనే షట్టర్ సందులోంచి పిల్ల పాదాలు కనిపించాయి. పట్టీలు గల్లుమంటూ వచ్చాయి... ఆగాయి. వాటివైపు నేలమీద ఒక చెయ్యి పాకుతోంది. పలచగా నలిగిపోయిన చెయ్యి. వేళ్ళకు తెల్లటి దూది అంటుకుని ఉంది.

స్టూలు మీదనుంచి దూకి మెయిన్ ఆఫ్ చేశాడు. లైటు ఆరింది. మోటారు ఆగలేదు. కరెంటు లేకుండానే తిరుగుతోంది... షెడ్డులోంచి ఇంట్లోకున్న తలుపు గుండా బయటికి పరుగెత్తి మానసను ఎత్తుకున్నాడు. వెనకాల షట్టర్ ధన్‌మని నేలకు పడింది.

పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. "ఎందుకు గుంజినవ్ నాయినా? ఆమె చెయ్యి పట్టుకున్న గదా," అంది.

అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా... గీ మోటార్ ఉన్న షట్టర్ కింద ఎవలు సచ్చిండ్రు?"

అటునుంచి ఏడుపు. "భాగ్య... మా దగ్గర కండెలకు నూలు చుట్టేది. వంగి లోపటికి అస్తుంటె మా దీప ఆటకు బటన్ ఒత్తింది తమ్మీ. అప్పటిసంది పొద్దుగూకితె మా దీపను పేరు పెట్టి పిలుసుడే. మోటారుకు నల్లదారం కట్టిన మంత్రగాడు చెప్పిండు... ఇంకొకలు తమ బిడ్డ పేరు చెప్పి ఇష్టంగ అందుకుంటెనే అది మమ్ముల ఇడిసి అటు పోతదని."

"నీకు తెలిసే ఇప్పిచ్చినవా?"

"నిన్న మా దీప నిద్రవోయింది తమ్మీ," అంది సరోజన.

ఆ ఏడుపులో సంతోషం ఉంది. దేవేందర్ గుండెను కోసింది ఆ సంతోషమే. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే రాత్రంతా నుదుటిమీద తడిగుడ్డ మార్చిన అక్క. బావ చేశాడంటే పరాయివాడని సరిపెట్టుకునేవాడు. అక్క... తన బిడ్డను కాపాడుకోవడానికి తమ్ముడి బిడ్డను వెతుక్కుంది. అతను ఫోన్ పెట్టేశాడు. ఇక ఆ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు.

చీకటి పడకముందే మోటారు విప్పి, తీసుకెళ్ళి కాలువలో పారేశాడు. ఆ రాత్రి ఎవరూ పిలవలేదు. మానస హాయిగా నిద్రపోయింది.

పొద్దున లేచేసరికి పిల్ల మంచంమీద కూర్చుని దుప్పటి అంచు దారాలు పీకుతోంది. తెగిన రెండు కొసలు కలిపి, ఒక్క చేత్తో, రెండు వేళ్ళతో టక్కున ముడేస్తోంది. ముడి ఎక్కడుందో కంటికి ఆనడం లేదు. మగ్గాల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన ఆడవాళ్ళు వేసే ముడి అది.

"ఎవలు నేర్పిండ్రు బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"అమ్మ."

వంటింట్లోంచి చాయ్ గిలాసతో వస్తున్న నవనీత నవ్వింది. "నాకే రాదు, నీకెప్పుడు నేర్పిననే?"

మానస తలెత్తి ఆమెను చూసింది. గబగబా జరిగి తండ్రి వీపు వెనక నక్కింది. అతని అంగీ గుప్పిట పట్టుకుని, చెవిలో గుసగుసగా అడిగింది.

"నాయినా... గామె ఎవలు?"