తప్పడుగు చూపే కెమెరా

లెన్సు తుడిచి, కెమెరాను లోపాలు పసిగట్టే నిదాన పీఠం మీద ఆనించి, కుసుమ చెయ్యి వెనక్కి తీసుకుంది. పీఠం చదివింది: "మూత విరిగింది. సవరణ పొర చచ్చిపోయింది. రెండు లోపాలు."

మరమ్మతు చేతులు పైనుంచి దిగి ఆగాయి. విజయనగరం సర్వీసు సెంటర్లో ఆ చేతులు చేయలేని పని లేదు, ఒక్కటి తప్ప. బాగైన ప్రతి కెమెరాకూ మనిషి ముద్ర పడాలి. ఆ ముద్ర కుసుమది. ఆమె వేలు పడనిదే కంపెనీవాడి తాత దిగొచ్చినా కెమెరా గుమ్మం దాటదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు గానీ, నడకలో తెలిసిపోతుంది.

బల్లకు అవతల కూర్చున్న సన్యాసప్పడు గబుక్కున లేచాడు. తప్పెటగుళ్ల దళానికి గురువు. డెబ్బై దాటినా ముందువరసలోనే గజ్జె కట్టే మనిషి.

"మూతొక్కటే ఎయ్యి తల్లీ. ఆ పొర జోలికెల్లకు."

"అదెలా తాతా? పొర లేకపోతే ఉన్నది ఉన్నట్టే పడుతుంది."

"అదే నాకు కావాల! ఇది పాడైందని కొత్తది కొన్నాను. కుర్రోళ్ల ఆట తీసి సూస్తే ఒక్కడి కాలూ తప్పలేదు. నాను ముందుండి ఆడతాను, ఎనకోళ్లని ఎలగ సూస్తాను? బొమ్మనే నమ్మినాను. ఒకడి భుజాల మీద ఒకడెక్కే కాడ సూరిగాడు పడిపోనాడు. సెయ్యిరిగింది. కిందోడు మొదట్నుంచీ అడుగు ఆలీసంగా ఏస్తన్నాడట. ఆ మాయదారి కెమెరా దిద్దీసింది!"

ఇన్నాళ్లూ సవరణ పొరను ఎవరూ తప్పుపట్టలేదు. వంకర ముగ్గు తిన్నగా, ఏడ్చే పెళ్లికూతురు నవ్వుతూ కనిపిస్తుంటే ఎవరికి చేదు? కుసుమ తన చేతులతోనే ఎన్ని పొరలు బతికించిందో.

ఆమె తాత తెచ్చిన కెమెరాలోని పాత ఆట తెరమీద పెట్టింది. రొమ్ముల మీద తప్పెట్లు మోగుతున్నాయి. చివరివాడి ఎడమకాలు వెనకబడింది, మళ్లీ వెనకబడింది. ఆ తర్వాతి ఆటలో అదే కాలు దరువు మీద ఠంచనుగా పడింది. అబ్బ, ఏం పడింది! కుసుమ ఆ అడుగును మళ్లీ పెట్టి చూసింది.

"ఇందులో తప్పు సూసి దిద్దింది నాను. కెమెరా కాదు," అన్నాడు సన్యాసప్పడు. ఆ గొంతులో పొగరుంది. అలాంటి పొగరు కుసుమకు కొత్త కాదు.

"మూత మాత్రం వెయ్యి," అంది పీఠంతో.

చేతులు మూత బిగించాయి. "రెండో లోపం మిగిలింది. లోపమున్న కెమెరా బయటికి వెళ్లదు. తుక్కుకు పంపనా?" అని అడిగింది పీఠం.

"అది లోపం కాదు."

"కారణం?"

"తప్పును తప్పుగా చూపించింది. కెమెరా పనే అది."

పీఠం ఆ మాట నమోదు చేసుకుంది. "ఈ తీర్పు మీ పేరుతో అన్ని సెంటర్లకూ వెళుతుంది. ఇది లోపం కాకపోతే, సవరణ పొర పనిచేస్తున్న ప్రతి కెమెరా లోపమున్నదే. సమ్మతమేనా?"

ఉద్యోగం ఊడితే ఊడనీ అనుకుంది కుసుమ. తలెత్తి, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పి, వేలు ఆనించింది.

పచ్చదీపం వెలిగింది. సన్యాసప్పడు కెమెరాను రెండు చేతులా అందుకున్నాడు. అంతలో అతని వెనక, బాగుచేసి అరల్లో పెట్టిన కెమెరాలన్నిటికీ వరసగా ఎర్రదీపాలు వెలగసాగాయి.

"ఓలమ్మో! ఇయ్యన్నీ పాడైపోనాయా? నువ్వొక్కదానివే సేస్తావేటమ్మా ఇన్నీ?"

"ముద్ర వేసింది నేనే కదా తాతా," అంటూ కుసుమ పొర తీసేందుకు మొదటిదాన్ని పీఠం మీదికి దించింది.