అలర్జీ: లేదు

ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాల్లో ఏడో బెడ్ మీది మనిషి పోయాడు.

ఒళ్లంతా దద్దుర్లు. గొంతు వాచి మూసుకుపోయింది. మందు ఒంటికి పడకే చనిపోయాడని పోస్ట్‌మార్టమ్ తేల్చింది.

సూది వేసిన నర్సు గోడవార నిలబడి ఉంది. సాయంత్రంలోగా ఆమెను అరెస్ట్ చేయాలని డీఎస్పీ ఆర్డర్. ఇన్‌స్పెక్టర్‌కు మనసొప్పలేదు.

“చూసుకోకుండా వేశావా అమ్మా?”

“చూశాను సార్. కంప్యూటర్‌లో ‘అలర్జీ: లేదు’ అనే ఉంది.”

తెర చూశాడు. నిజమే.

“ఇతన్ని ఎవరు తెచ్చారు?”

“అంబులెన్స్ వాళ్లు. యాక్సిడెంట్ సార్. వెంట ఎవరూ లేరు.”

“స్పృహ?”

“చివరిదాకా రాలేదు.”

ఇన్‌స్పెక్టర్ అక్కడే ఆగిపోయాడు. కళ్లు తెరవని మనిషిని అలర్జీ ఉందా అని ఎవరు అడిగారు? లేదని ఎవరు చెప్పారు?

సాయంత్రానికి ఆసుపత్రి ప్రోగ్రామర్‌ను, అతను చూసి ప్రోగ్రామ్ రాసుకున్న డేటాబేస్ మాన్యువల్‌ను దిద్దిన ఎడిటర్‌ను స్టేషన్‌కు పిలిపించాడు. నర్సు కూడా ఉంది.

“ఎవరూ అడగలేదు సార్. ఆ గడి ఖాళీ,” అన్నాడు ప్రోగ్రామర్. “గడి ఖాళీగా ఉంటే ‘లేదు’ అని అర్థమని మాన్యువల్‌లో ఉంది. ప్రోగ్రామ్ అలాగే రాశాను.”

“ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది. అడగని ప్రశ్నకి జవాబెలా వస్తుందయ్యా?”

ప్రోగ్రామర్ మాన్యువల్ తెరిచి ఆ పేజీ చూపించాడు. ఎడిటరమ్మ ముఖం పాలిపోయింది.

“రాసినాయన ‘తెలియదు’ అనే రాశాడండీ. పుస్తకమంతా ఒకే మాట ఉండాలని నేనే ‘లేదు’ అని మార్చాను. చదవడానికి నున్నగా ఉంటుందనుకున్నాను.” ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. “నన్ను అరెస్ట్ చేయండి.”

“మాట మార్చినందుకు సెక్షన్ లేదమ్మా.”

డీఎస్పీకి ఫోన్ చేసి అంతా చెప్పాడు. అవతల నుంచి ఒకటే ప్రశ్న.

“సిరంజి ఎవరి చేతిలో ఉంది?”

“నర్సు చేతిలో సార్. కానీ...”

ఫోన్ పెట్టేసిన చప్పుడు. నిజం చేతికి దొరికినా అక్కరకు రాలేదు. ఇన్‌స్పెక్టర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

“నా తప్పు లేదని తేలింది కదా సార్?” అంది నర్సు.

“తేలిందమ్మా. జీపెక్కు.”

ఆమెకు అర్థమైంది. ఏడవలేదు. జీపు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“నా తర్వాత డ్యూటీకి వచ్చే అమ్మాయికి ఫోన్ చేయండి సార్. స్పృహ లేనివాళ్లకి ఆ తెర చూసి సూది వేయొద్దని చెప్పండి. అది ఇంకా అలాగే ఉంది.”